పైన లేనిది కింద ఉన్నట్టేనా?

మా పాత లేబొరేటరీలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు పెందుర్తిలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, "సార్, ఇన్నేళ్లలో మీరు నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెప్పండి" అంటారు. నాలుగు ముక్కల్లో చెప్పగలిగేదయితే నాకు ముప్పై ఏళ్లెందుకు పడుతుంది? వాళ్ల ముందు నవ్వేసి ఊరుకున్నాను గానీ, తర్వాత కూర్చుని రాయాలనిపించింది.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివాటి మీద కోపం ఎప్పుడో చల్లారింది. కంపెనీ పేరూ రాయను. విశాఖకు దక్షిణాన ఉన్న మందుల కంపెనీల్లో అదొకటి అనుకోండి, చాలు. ఒక అలవాటు గురించి, ఒక బాస్ గురించి, మా అప్ప మొగుడు సింహాచలం బావ గురించి రాస్తాను. ఈ మూడూ కలిస్తే నా ఉద్యోగం ఏమిటో మీకే తెలుస్తుంది.

బొట్టు సంగతి

రెండు గ్లాసుల నీళ్లు తీసుకోండి. ఒకదాంట్లో ధనావేశం ఉన్న పాలిమర్, రెండోదాంట్లో ఋణావేశం ఉన్న పాలిమర్ కరిగి ఉన్నాయి. చూడ్డానికి రెండూ మంచినీళ్లే. ఒకదాంట్లో ఒకటి పోశారా, నీళ్లలో ఫినాయిల్ పోసినట్టు తెల్లబడిపోతాయి. మైక్రోస్కోపు కింద పెడితే ఆ తెలుపంతా గుండ్రటి బొట్లు. నూనె బొట్లనుకునేరు. లోపలా నీళ్లే, బయటా నీళ్లే. ఆ పొడుగాటి పాలిమర్ గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఓ చోట గుంపు కట్టాయి, అంతే. బొట్టుకి గోడ ఉండదు, తొక్క ఉండదు. రెండు బొట్లు తగిలితే మెల్లగా ఒకటైపోతాయి. చిటికెడు ఉప్పు ఎక్కువైతే గొలుసుల పట్టు సడలి బొట్లన్నీ కరిగిపోతాయి.

ఇలాంటి బొట్లలోకి చిన్న అణువును, అంటే ఏదో ఒక మందును, వదిలితే అది ఎక్కడికి పోతుంది, ఏం చేస్తుంది అన్నది చూడడమే నా ఉద్యోగం. కొన్ని మందులు బొట్టు మొహం కూడా చూడవు, బయట నీళ్లలోనే తిరుగుతాయి. కొన్ని లోపలికి దూరి చిక్కగా పేరుకుంటాయి. లోపలికి వెళ్లినవన్నీ కూడా ఒక్కలా ఉండవు. గాజువాక బస్సు ఎక్కినవాళ్లలో సీటు దొరికి కునుకు తీసేవాడూ ఉంటాడు, వచ్చే స్టాపులో దూకడానికి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాడూ ఉంటాడు. రోడ్డు మీద నిలబడి బస్సు నిండుగా ఉందని మాత్రమే చెప్పగలం.

ఇప్పటి పిల్లలు మన ఒంట్లోని కణాల్లో కూడా ఇలాంటి బొట్లున్నాయని, ఏ మందు ఏ బొట్టులో చేరుతుందో కంప్యూటర్ ముందే చెబుతుందని అంటున్నారు. చాలా సంతోషం. కంప్యూటర్ చెప్పాక కూడా ఎవరో ఒకరు గొట్టం చేత్తో పట్టుకుని చూడాలి. ఈ కథ ఆ చూడడం గురించే.

గులాబీ రంగు

మా బాస్ డాక్టర్ పద్మనాభం గారు. వాళ్ల నాన్నగారు పోర్టులో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈయన పుట్టి పెరిగింది విశాఖలోనే అయినా నాలుక మాత్రం గోదావరి దాటి రాలేదు. మాట కరుకు. మధ్యాహ్నం క్యారియర్ విప్పితే సగం మాకు పెట్టేవారు, తింటున్నంతసేపూ మా పని ఎంత అధ్వాన్నంగా ఉందో చెప్పేవారు. ఆయన దగ్గర పనిచేసినవాడు ఇంకెక్కడా పాడవడని కంపెనీలో అనేవాళ్లు. అది సగం నిజం.

చేరిన కొత్తలో నేనొక మందుకి గులాబీ రంగు వెలుగునిచ్చే అణువును తోకలా తగిలించి బొట్లలోకి వదిలాను. మైక్రోస్కోపులో బొట్లన్నీ గులాబీ రంగులో మెరిసిపోయాయి. ఆ ఫొటో పట్టుకుని ఆయన గదిలోకి దాదాపు పరుగెత్తాను.

ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి చూశారు. "ఏవయ్యా నాయుడూ, ఇందులో మందెక్కడుంది?"

"ఆ గులాబీదంతా మందేనండి."

"గులాబీదంతా గులాబీయేనయ్యా. ఉత్తి రంగేసి చూశావా?"

చూడలేదు. వెళ్లి మందు లేకుండా ఉత్తి రంగు వేశాను. బొట్లు అంతే అందంగా మెరిశాయి. బొట్లు పిలిచింది రంగుని, మందుని కాదు. మందు దాని వెంటపడి లోపలికి వెళ్లింది. రంగు తీసేస్తే ఆ మందు గుమ్మం కూడా తొక్కదు. నా మొహం చూసి ఆయనకి జాలేసినట్టుంది, "కూర్చో" అన్నారు. "మనం చూడాలనుకున్నదే కనబడింది అనుకో, అప్పుడే రెండోసారి చూడాలి. కనబడనప్పుడు ఎలాగూ చూస్తాంలే."

అంతకంటే మంచి పాఠం నాకు ఇంకెవరూ చెప్పలేదు. ఈ మాట ముందే రాస్తున్నానంటే, తర్వాత జరిగినదాన్ని బట్టి ఆయన్ని తెలివితక్కువవాడని ఎవరూ అనుకోకూడదని.

తేట, గుజ్జు

ఏ మందు బొట్లలో ఎంత చేరిందో కొలవడానికి మాకో పద్ధతి ఉండేది. తెల్లటి ద్రవాన్ని చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో పోసి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే బొట్లన్నీ అడుగుకి చేరి ఒకే ముద్ద అవుతాయి. దాన్ని గుజ్జు అనేవాళ్లం. పైన మిగిలిన తేరిన నీరు తేట. తేటలో మందు ఎంతుందో యంత్రంలో కొలుస్తాం. మొదట వేసినదాంట్లోంచి అది తీసేస్తే మిగిలిందంతా గుజ్జులో ఉన్నట్టు లెక్క.

మరి గుజ్జునే తీసి కొలవచ్చు కదా అని మీరు అడగాలి. అడిగినవాడికి మా లేబొరేటరీలో ఒక కథ చెప్పేవారు. ఎప్పుడో ఒకాయన గుజ్జును సరిగ్గా శుభ్రం చెయ్యకుండా యంత్రంలోకి ఎక్కించాడట. యంత్రంలో కాలమ్ అని సన్నటి స్టీలు గొట్టం ఉంటుంది, కొలతంతా దానిలోనే. పాలిమర్ బంక దానిలో పట్టేసి కాలమ్ పనికిరాకుండా పోయింది. కొత్తది వచ్చేదాకా విభాగమంతా చేతులు ముడుచుకు కూర్చుంది. అప్పట్నుంచి గుజ్జు జోలికి పోవద్దన్నారు. దానికి తోడు అది పాకంలా జిడ్డు, పరికరాలకి అతుక్కుంటుంది, ఒక్క గొట్టానికే పూటంతా పడుతుంది.

నేను కూడా కొత్తలో అడిగాను. పద్మనాభం గారు నవ్వారు. "తేటలో లేదంటే గుజ్జులో ఉన్నట్టేనయ్యా. ఇంకెక్కడికి పోతుంది, కాశీకా?"

మేమంతా నవ్వాం. ఆ మాట మా దగ్గర సామెతైపోయింది. ఎవరి కళ్లజోడు కనబడకపోయినా కాశీకి పోయిందనేవాళ్లం. సులువు కోసం చేసింది అలవాటవుతుంది, అలవాటు కొన్నాళ్లకి శాస్త్రంలా కనబడుతుంది. అది తప్పని ఎవరికీ తోచకపోవడానికి ఆ నవ్వు కూడా ఓ కారణం.

సింహాచలం బావ

మాది ఆనందపురం దగ్గర పల్లె, వ్యవసాయం. మా అప్ప, అంటే అక్క, నూకరత్నాన్ని సింహాచలం బావకిచ్చాం. ఆయన ఆటోనగర్ వైపు ఒక చిన్న ఫౌండ్రీలో కరిగిన ఇనుము అచ్చుల్లో పోసే పని చేసేవాడు. గట్టి మనిషి, నోరున్న మనిషి. నా ఉద్యోగమంటే ఆయనకి ఎప్పుడూ వేళాకోళమే. నేను గుమ్మంలో కనబడితే చాలు, "ఏటి బావా, ఇయాల ఎన్ని సుక్కలేసావు?" అని వీధంతా వినబడేలా అరిచేవాడు. నేను తాగుబోతుననుకుని వాళ్ల వీధి ముసలమ్మ ఒకావిడ నాకు బుద్ధి కూడా చెప్పింది.

ఒక రోజు అచ్చులో తడి ఉండిపోయింది. కరిగిన ఇనుము పడగానే అది పేలి బావ మీదకి చిమ్మింది. ఎడమ కాలు తొడ దాకా, నడుం పక్కన, కాలిపోయింది.

ప్రాణానికి ప్రమాదం లేదన్నారు డాక్టర్లు. ఆ మాట విని మేం ఊపిరి పీల్చుకున్నాం. కట్టు మార్చడం అంటే ఏమిటో అప్పటికి మాకు తెలీదు. పాత గుడ్డ తియ్యాలి, పుండు కడగాలి, కొత్త గుడ్డ వెయ్యాలి, మళ్లీ మళ్లీ. కాలినవాళ్ల వార్డులో ఆ వేళయితే బయట వరండాలో కూర్చున్న ఆడవాళ్లంతా చెవులు మూసుకుంటారు. మా బావ అరుపు నేను మొదటిసారి విన్నప్పుడు అది ఆయన గొంతని నాకు తెలియలేదు.

అప్పటికి మా విభాగమంతా చేస్తున్న పని సరిగ్గా ఈ నొప్పి మీదే కావడం దేవుడి ఏర్పాటని మా అప్ప నమ్మింది. కాలిన పుండు మీద తిమ్మిరి మందు వేస్తే కట్టు మార్చేటప్పుడు నొప్పి తెలియదు. కానీ కొంచెం వేస్తే చాలదు. ఎక్కువ వేస్తే, కాలిన చోట చర్మం అడ్డు ఉండదు కనుక మందు నేరుగా రక్తంలో కలిసి గుండె లయ తప్పుతుంది, ప్రాణం పోవచ్చు. మేమేం చేశామంటే, మందును బొట్లలోకి ఎక్కించాం. ఎక్కువ మందే వేసినా చాలా భాగం బొట్లు పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతాయి. కొలిచి చూస్తే నిజంగానే అద్భుతంగా పట్టుకున్నాయి. నెమ్మదిగా వదిలాయి కూడా. జంతువుల మీద పరీక్షలు నెగ్గాయి. అనుమతులూ అప్పటికే వచ్చాయి. ఆ వార్డులోనే కొద్దిమందికి వేసి చూడాలనుకున్నారు. వార్డు డాక్టరమ్మ ఎంపిక చేసిన మొదటి పేరు మా బావది, వెయ్యాల్సింది వచ్చే సోమవారం.

మా చుట్టరికం సంగతి పద్మనాభం గారికి నేనే చెప్పాను. "అయితే కొలతల్లో నువ్వుండు, వార్డులో ఉండకు" అన్నారు. అంతే.

బావ మారిపోయాడు. కట్టు మార్చేవాళ్లు వస్తుంటే పళ్లు బిగించి నవ్వడానికి ప్రయత్నించేవాడు. "సోంవారం దాకా ఓర్సుకుంతాను. ఆపైన మా బావ మందొత్తన్నాది" అని పక్క మంచాలవాళ్లకి చెప్పేవాడు. నాతో అయితే, "నీ సుక్కల్ని ఎక్కిరించినందుకు నన్నేటి సెయ్యమంతావ్, సెప్పు. గుంజీలు తియ్యమంతావా? కాలు బాగవనీ, తీత్తాను" అన్నాడు.

గాజు గొట్టాలు

ఆ వారం ప్లాస్టిక్ గొట్టాల పెట్టెలు రావడం ఆలస్యమైంది. చివరి కొలత ఒకటి మిగిలిపోయింది. ఆ కొలత నాతో కలిసి చేస్తున్న శాస్త్రవేత్త గౌరి, యారాడ అమ్మాయి. పాలిమర్ల మీద డాక్టరేట్ చేసి వచ్చింది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ కడుగుతుంది అని మేం ఏడిపించేవాళ్లం. ఆవిడ బీరువాలోంచి పాత గాజు గొట్టాలు తీసి కడిగి వాడింది.

తేటలో మందు పెరిగిపోయింది. కొంచెం కాదు. బొట్లు పట్టుకోవాల్సిన మందులో చాలా భాగం బయట నీళ్లలోనే కనబడింది.

పద్మనాభం గారు కాగితం చూసి, "ఎవరమ్మా ఈ గాజు కడిగింది?" అన్నారు.

"నేనే సార్."

"మళ్లీ కడుగు."

కడిగింది. మళ్లీ అదే. తూకం తప్పి ఉంటుందన్నారు. తూకం నేను వేశాను. అదే వచ్చింది. మొన్నటిదాకా రాని తేడా ఇప్పుడెలా వచ్చిందని ఆయన కోప్పడ్డారు, సోమవారం దగ్గరపడుతోందని గుర్తు చేశారు, గాజు పాతబడితే ఇలాంటి వేషాలే వేస్తుందన్నారు. నాకూ గాజుదే తప్పు కావాలనిపించింది. దాచడం దేనికి, గట్టిగా మొక్కుకున్నాను. మా బావ అరుపు చెవుల్లో పెట్టుకుని ఇంకోలా కోరుకోగలిగేవాడు ఎవడైనా ఉంటే వాడికి దండం.

గౌరి అక్కడే నిలబడింది. "సార్, ఓసారి అడుగు తీసి చూద్దాం."

"గుజ్జా? కాలమ్ పోతేనో?"

"పోతే పోనీండి సార్. కాలమ్ మళ్లీ కొనుక్కోవచ్చు."

మళ్లీ కొనుక్కోలేనిది ఏమిటో ఆవిడ చెప్పలేదు. పద్మనాభం గారు నా వైపు చూశారు. నేను తల దించుకుని గరిటె పుల్ల అందుకున్నాను.

గోడ

అప్పటికి ప్లాస్టిక్ పెట్టెలూ వచ్చాయి. ఒకే రకం ద్రవాన్ని ప్లాస్టిక్‌లో కొన్ని గొట్టాలు, గాజులో కొన్ని గొట్టాలు తిప్పాం. తేట తీసి పక్కన పెట్టాం. గుజ్జు మీద ఉప్పునీళ్లు పోసి బొట్లను కరిగించాం. దాంట్లో ఆల్కహాల్ వేస్తే పాలు విరిగినట్టు పాలిమర్ విరిగి విడిపోతుంది, మందు ఆల్కహాల్‌లో మిగులుతుంది. పాలిమర్ పీచు ఒక్కటి కూడా రాకుండా తేర్చి యంత్రంలోకి ఎక్కించాం. కాలమ్‌కి ఏమీ కాలేదు. ఇన్నేళ్లుగా భయపడింది ఈ మాత్రం పనికా అని ఒళ్లు మండింది.

గుజ్జులో మందు ఉంది. కాకపోతే మేం అనుకున్నదాంట్లో చిన్న భాగం. గాజు గొట్టంలో తేటా గుజ్జూ కలిపితే వేసినంత మందూ లెక్కకి వచ్చింది. ప్లాస్టిక్ గొట్టంలో రెండూ కలిపినా రాలేదు. చాలా తక్కువైంది.

గౌరి ఖాళీ అయిన ప్లాస్టిక్ గొట్టాన్ని తీసుకుంది. లోపల ఏమీ లేదు, కడిగినట్టు శుభ్రంగా ఉంది. దాంట్లో ఆల్కహాల్ పోసి, మూత పెట్టి, బాగా ఊపి, ఆ ఆల్కహాల్‌ని కొలిచింది. పోయిన మందంతా దానిలో ఉంది.

పద్మనాభం గారు ఆ గొట్టాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. చూడ్డానికి ఏమీ లేదు. "కాశీకి పోలేదయ్యా" అన్నారు మెల్లగా. "ఇక్కడే గోడకి అంటుకుని ఉంది."

ఎవరమూ నవ్వలేదు.

బొట్లు పట్టుకున్నాయని మేం మురిసిపోయిన మందుని పట్టుకున్నది ప్లాస్టిక్ గోడ. నెమ్మదిగా వదులుతోందని కేకులు కోసుకున్నది కూడా గోడ వదలడమే. చిన్న గొట్టంలో కొద్దిపాటి మందుకి గోడ చాలా ఎక్కువ, అందుకే అంత మింగేసింది. జంతువుల పరీక్షలకి మందు కలిపింది కూడా చిన్న ప్లాస్టిక్ సీసాల్లోనే. ఆ జంతువుల్ని కాపాడింది ఆ సీసాలే.

"వార్డుకి తయారుచేసిన సరుకు దేంట్లో కలిపారు?" అని అడిగారు ఆయన. జవాబు ఆయనకి తెలుసు.

"పెద్ద స్టీలు పాత్రలో సార్."

స్టీలుకి ఈ మందు అంటదు. పాత్ర పెద్దది, గోడ తక్కువ. దాదాపు అంత మందూ బొట్లు పట్టుకోకుండా, ఏ గోడా ఆపకుండా, నీళ్లలో ఉన్నట్టే ఉంది. సోమవారం అది మా బావ కాలి మీద, చర్మం లేని చోట పోస్తారు. కుర్చీ ఎవరు జరిపారో గుర్తులేదు, కూర్చున్నాను.

వార్డులో

ఫోన్ చేసి ఆపించవచ్చు. పద్మనాభం గారు ఫోన్ చేసి ఆపించారు కూడా. ఆ తర్వాత కండువా భుజాన వేసుకుని, "పద నాయుడూ" అన్నారు.

డాక్టరమ్మ మమ్మల్ని బావ మంచం దగ్గరికి తీసుకెళ్లింది. మా అప్ప పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి బావ మొహం వెలిగింది. "ఏటి బావా, ముందుగానే తెచ్చేసారేటి?"

పద్మనాభం గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "సింహాచలం గారూ, నా లెక్క తప్పిందండి. ఈ మందు మేం అనుకున్నట్టు లేదు. మీ గుండెకి ప్రమాదం. మీకు వెయ్యనివ్వను. ఆ మాట నేనే వచ్చి చెప్పాలని వచ్చాను."

బావకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "కొంచిం తగ్గించేసి ఎయ్యండి బాబూ."

"ఎంత తగ్గించాలో నాకు తెలీదండి."

"సంతకం పెడతాను బాబూ. సత్తే నాను సత్తాను, మీకేటి మాటొత్తాది? ఒక్కపాలి ఎయ్యండి."

ఆయన తల అడ్డంగా ఊపారు. బావ నా వైపు తిరిగాడు. అప్ప లేచి నా చెయ్యి పట్టుకుంది. "ఒరే తమ్ముడా, నీ సేతిలో పనే గదరా ఇది. ఆ పెద్దాయన సూడకుండా కొంచిం తెచ్చియ్యరా."

"తేలేనప్పా."

"ఎందుకు తేలేవు? నీ బావ అరుపులు నీకినపడతన్నాయా లేదా?"

కట్టు మార్చేవాళ్లు బండి తోసుకుంటూ వచ్చారు. మమ్మల్ని బయటకి పంపారు. వరండాలో ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. పద్మనాభం గారు మూసుకోలేదు. గోడకి ఆనుకుని, కళ్లు నేల మీద పెట్టి, లోపల అరుపులు ఆగేదాకా కదలకుండా నిలబడ్డారు. నేను వెళ్దామండీ అన్నాను. "ఉండవయ్యా" అన్నారు. పెద్దవాళ్లంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఆ వరండా గుర్తొస్తుంది.

తర్వాత

పైవాళ్లకి కోపం వచ్చింది. ఆలస్యమైనందుకు వచ్చింది, అపాయం తప్పినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. జరగని చావుకి దండలు వెయ్యరు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు అది ముందే తెలుసుకోవడం మంచిది.

మా లేబొరేటరీలో లెక్క మారింది. తేట కొలవాలి, గుజ్జు కొలవాలి, గొట్టం గోడ కడిగి కొలవాలి. మూడూ కలిపి వేసినంత రాకపోతే ఆ రోజు ఏ మాటా మాట్లాడకూడదు. పద్మనాభం గారు రిటైరయ్యేదాకా కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఈ కథ తన పేరుతోనే చెప్పారు. "నేను రంగు దగ్గర తెలివైనవాణ్ణి, గోడ దగ్గర మూర్ఖుణ్ణి" అనేవారు. ఆయన ఇప్పుడు లేరు.

ఇంకొకరి ఫొటోలో తప్పు పట్టడం నేర్చుకున్నంత మాత్రాన మన తప్పు మనకి కనబడుతుందని అనుకోవద్దు. ఆయనకి కనబడలేదు. మనం చేసుకున్న తీసివేతలో మనం చూడనిదంతా దాక్కోగలదు. చూడడానికి జిడ్డుగా, కష్టంగా, ఖర్చుగా ఉన్న చోటే ముందు చూడండి.

తర్వాత గౌరి పాలిమర్లను మార్చి, మందు తగ్గించి మరో ద్రవం తయారుచేసింది. అది నొప్పిని కొంత తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు, వార్డులో వాడుతున్నారు. అది వచ్చేసరికి మా బావ పుండ్లు మానిపోయాయి. మందు లేకుండానే, అన్ని కట్లూ అరుస్తూనే మార్పించుకున్నాడు.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇంటికి వెళ్తే మంచినీళ్లిచ్చేవాడు, కూర్చోమనేవాడు. ఎన్ని సుక్కలేసావని మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

నా ఆఖరి పనిరోజున ఇంట్లోవాళ్లని లేబొరేటరీ చూడ్డానికి రానిచ్చారు. బావ వస్తాడనుకోలేదు. అప్ప భుజం పట్టుకుని వచ్చాడు. అందరూ కేకు దగ్గర ఉంటే ఆయన మైక్రోస్కోపు ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇదేనేటి ఆ సుక్క?"

"ఇదే బావా."

చాలాసేపు చూశాడు. రెండు బొట్లు దగ్గరికొచ్చి ఒకటవుతుంటే వేలితో చూపించాడు. తర్వాత గౌరి వైపు తిరిగి, "అడుగున ఏటున్నాదో తీసి సూత్తారంట గదమ్మా. నాకోపాలి సూపించు" అన్నాడు.

గౌరి ఇప్పుడు ఆ విభాగానికి పెద్ద. పార్టీ వదిలేసి కోటు తొడుక్కుంది. తేట తీసింది, గుజ్జు కరిగించింది, ఖాళీ గొట్టం కడిగింది, మూడూ యంత్రానికి ఇచ్చింది. బావ స్టూలు మీంచి కదల్లేదు. అప్ప కేకు తెస్తే పక్కన పెట్టించాడు.

"ఎంతేసావమ్మా?" గౌరి చెప్పింది. "మూడూ కలిపితే ఎంతొచ్చినాది?" అదీ చెప్పింది.

"లెక్క కుదిరినట్టేనా?"

"కుదిరింది బాబాయ్."

బావ తల ఊపాడు. నా వైపు చూడకుండానే మాట్లాడాడు. "ఆ మందేసుంటే సచ్చేవోణ్ణంటారు అందరూ. నిజమేనేటి?"

"తెలీదు బావా. సావొచ్చు. ఖాయంగా సెప్పలేను."

"నొప్పి పడ్డాను, అయిపోయినాది. దానికి నాకు బాదలేదు." ఖాళీ ప్లాస్టిక్ గొట్టాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇలాగ అప్పుడే అడుగుదాకా సూసుంటే, సోంవారం అని నాకు సెప్పుండేవోరు కాదు గదా. ఆ సోంవారం కోసం ఎలాగ కాసుక్కూకున్నానో నీకు తెల్దు బావా."

ఆయన లేవబోతుంటే చెయ్యి అందించాను. పట్టుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, ఒక్కో మెట్టూ మెల్లగా దిగాం. ఆ ఎడమ కాలు ఇంకా పూర్తిగా వంగదు.